ఓసీటీలో (కంటి వెనకుండే రెటీనాను చూపే స్కాన్) రెటీనా మందం తగ్గలేదు, చూపు మాత్రం పెరిగింది. రెస్పాన్స్ ఉన్నట్టా లేనట్టా?

పీజీ సెకండియర్: పొద్దున్నుంచీ ఈ ఎక్సెల్ షీటుతో కుస్తీ పడుతున్నా, బుర్ర వేడెక్కిపోయింది. యూవియైటిస్ (కంటి లోపలి ఇన్‌ఫ్లమేషన్) చూసేవాళ్ళు ఎవరైనా చెప్పండి. నా థీసిస్ ఇంటర్మీడియట్ యూవియైటిస్‌లో (ముఖ్యంగా కంటిలోని జెల్లీకి, అంటే విట్రియస్‌కి వచ్చే రకం) మాక్యులార్ ఎడీమా (రెటీనా నడిమధ్య నీరు చేరి ఉబ్బడం) మీద. సబ్‌టీనన్ ట్రయామ్‌సినలోన్ (కంటిగుడ్డు పక్కన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్) ఇచ్చాక ఓసీటీలో ఎంత తగ్గిందో చూడాలి. ఒకాయనకి ఇంజెక్షన్‌కి ముందు సీఎంటీ (రెటీనా నడిమధ్య మందం) 348 మైక్రాన్లు, ఆరు వారాలకి 342. చూపేమో 6/36 నుంచి 6/12కి వచ్చింది, విట్రియస్ హేజ్ (ఆ జెల్లీలోని మసక) 2+ నుంచి 0.5+కి దిగింది, పేషెంట్ హ్యాపీ. గైడ్ గారు "ఆరు మైక్రాన్లు తగ్గితే తగ్గినట్టా? నాన్‌రెస్పాండర్ అని రాసెయ్" అంటున్నారు. ఇలాంటి కేసులు ఇంకొన్ని ఉన్నాయి. ఎంట్రీ తప్పేం కాదు, ప్రింటౌట్లు పక్కన పెట్టుకుని సరిచూశా.

స్కాన్ గది: మెషీన్ ఏది?

పాతకాలం రెటీనా: బాబూ, అసలు మాక్యులా మందం ఒక్కటే పట్టుకుని యూవియైటిస్ కొలుస్తామనడంలోనే ఉంది తిరకాసు. ఎఫ్ఎఫ్ఏ (డై ఎక్కించి రెటీనా రక్తనాళాల ఫోటోలు తీయడం) చేశారా? ఇంటర్మీడియట్ యూవియైటిస్‌లో అంచుల దగ్గర కేపిల్లరీలు ఫెర్న్ ఆకులా లీక్ అవుతుంటాయి, అది మీ ఓసీటీకి ఈ జన్మలో కనపడదు. మధ్యలో నీరు తీసేసినంత మాత్రాన జబ్బు సద్దుమణిగినట్టు కాదు, అంచులదాకా చూపే వైడ్‌ఫీల్డ్‌లో చూస్తే వాస్క్యులైటిస్ (రక్తనాళాల ఇన్‌ఫ్లమేషన్) అలాగే కూర్చుని ఉంటుంది. లీకేజీకి కూడా స్కోరింగ్ ఉంది, 2010లో పెట్టారు, ఫ్లోరిసీన్ డైకి మొత్తం 40 పాయింట్లు, ఐసీజీ అనే ఇంకో డైకి 20. ఇప్పటి పిల్లలు డై ఎక్కించాలంటే వాంతులనీ, రియాక్షన్‌లనీ భయపడి డై అక్కర్లేని ఓసీటీ యాంజియోతో సరిపెట్టేస్తున్నారు. అందులో రక్తం పారే దారి కనపడుతుంది గానీ లీకేజీ కనపడదు కదా!

పీజీ సెకండియర్: సర్, ఎఫ్ఎఫ్ఏ అందరికీ చేయలేదు, ప్రోటోకాల్‌లో లేదు. ఓసీటీ మాత్రం అందరికీ ఉంది.

స్కాన్ గది: ఓసీటీ అన్నది పరీక్ష పేరు. నేనడిగింది మెషీన్. రెండుసార్లూ ఒకదాని మీదే తీశారా?

సన్‌గ్రేడింగ్: మెషీన్ సంగతి తర్వాత. "రెస్పాన్స్" అంటే ఏంటో థీసిస్‌లో ముందే రాసుకున్నారా? యూవియైటిస్ కొలతలకి ప్రమాణాలు పెట్టిన సన్ వర్కింగ్ గ్రూప్ 2005లో చెప్పింది చాలా స్పష్టం, రెండు మెట్లు దిగితే లేదా సున్నాకి వస్తే ఇంప్రూవ్‌మెంట్. మీ పేషెంట్ హేజ్ 2+ నుంచి 1+ దాటి 0.5+కి వచ్చింది, సరిగ్గా రెండు మెట్లు. ఇన్‌ఫ్లమేషన్ లెక్కన అతను రెస్పాండర్. ఎడీమా లెక్క వేరే కాలమ్. ఈ రెండూ కలిపేసి ఒకే మాటలో రాయమంటే ఎలా?

పాతకాలం రెటీనా: హేజ్ గ్రేడింగ్ చూసేవాడి కంటిని బట్టి మారుతుందండీ. నేను 1+ అంటే మీరు 2+ అంటారు.

సన్‌గ్రేడింగ్: అందుకే స్టాండర్డ్ ఫోటోలు పక్కన పెట్టుకుని చూడమన్నారు. ఎవరూ పెట్టుకోరు, అది వేరే విషయం.

ఆప్టోమ్ విశాఖ: ఇంకోటి, సీఎంటీ అంటున్నారు, ఏ సీఎంటీ? నడిమధ్య ఒక్క పాయింటా, ఒక మిల్లీమీటరు వలయం సగటా? రెండోదాన్ని సీఎస్‌టీ అంటారు, ట్రయల్స్‌లో ఎక్కువగా వాడేది అదే.

పీజీ సెకండియర్: మ్యాప్‌లో మధ్య గుండ్రంలో ఉండే అంకె.

ఆప్టోమ్ విశాఖ: అయితే సీఎస్‌టీ. అలాగే రాయండి, వైవాలో పట్టుకుంటారు.

సన్‌గ్రేడింగ్: సీఎంటీ అని రాస్తే కొంపలేం మునగవు, సగం పేపర్లలో అలాగే ఉంటుంది.

ఆప్టోమ్ విశాఖ: సగం పేపర్లలో తప్పు ఉంటే మనమూ తప్పే రాయాలా?

అమ్మ కోసం: మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మగారికి వీకేహెచ్ (ఇదీ ఒక రకం యూవియైటిస్), వైసోలోన్ (స్టెరాయిడ్ మాత్ర) డోసు మెల్లగా తగ్గిస్తున్నారు. పోయిన నెల పొద్దున తీస్తే కోరాయిడ్ (రెటీనా కిందుండే రక్తనాళాల పొర) మందం 410, మొన్న సాయంత్రం 385. ఇది మందు పనితనమేనా?

స్కాన్ గది: కోరాయిడ్ పొద్దున మందంగా ఉండి సాయంత్రానికి కాస్త పలచబడటం మామూలే. ఈసారి పొద్దున పూటే తీయించండి, అదే చోట. డోసు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకండి.

అమ్మ కోసం: సరేనండి. టెన్షన్ కాస్త తగ్గింది.

పీజీ సెకండియర్: ఇప్పుడే పాత ప్రింటౌట్లు చూశా. ఈయనతో సహా కొంతమందికి మొదటిది బయట సెంటర్‌లో తీయించుకొచ్చింది. దాని మీద స్ట్రాటస్ అని ఉంది. మాది స్పెక్ట్రాలిస్. రెండూ మైక్రాన్లలోనే ఇస్తాయి కదా, తేడా ఏముంటుంది?

స్కాన్ గది: మందం కొలవడానికి ఒక్కో మెషీన్ రెటీనా కిందిగీత ఎక్కడ గీస్తుందో చూడండి. స్ట్రాటస్ కాస్త పైనున్న ఐఎస్-ఓఎస్ గీత దగ్గరే ఆగుతుంది, సిరస్ అనే ఇంకో మెషీన్ దాని కింది ఆర్‌పీఈ పొర దాకా, స్పెక్ట్రాలిస్ ఇంకా కిందున్న బ్రూక్స్ మెంబ్రేన్ దాకా వెళ్తుంది. అందుకే జబ్బులేని కంటికి కూడా స్ట్రాటస్‌లో 210 అటూఇటూ వస్తే స్పెక్ట్రాలిస్‌లో 270 అటూఇటూ వస్తుంది. ఆ లెక్కన మీవాడికి ముందు దాదాపు 140 ఎక్కువ, ఇప్పుడు 70 ఎక్కువ. అంటే వాపు సగానికి సగం పోయింది.

పీజీ సెకండియర్: అయ్యబాబోయ్. అయితే స్ట్రాటస్ అంకెలన్నిటికీ 60 కలిపేస్తే సరిపోతుందా?

స్కాన్ గది: వద్దు.

ఆప్టోమ్ విశాఖ: వద్దంటే ఎందుకో కూడా చెప్పండి సర్. ఆ తేడా మామూలు కళ్ళలో చూసింది. సిస్ట్‌లతో ఉబ్బిన రెటీనాలో గీత ఎక్కడ పడుతుందో మెషీన్‌కే తెలియదు. పైగా మొదటి స్కాన్ 2+ హేజ్ లోంచి తీశారు, సిగ్నల్ తక్కువగా ఉంటే సెగ్మెంటేషన్ గీత (మెషీన్ పొరల్ని విడదీస్తూ గీసేది) ఎటో వెళ్ళిపోతుంది. ఒక్కో బీస్కాన్ (రెటీనా అడ్డకోత బొమ్మ) తెరిచి గీత సరిగ్గా ఉందో లేదో చూడండి, మ్యాప్ రంగులు చూసి నమ్మకండి. మీ సెంటర్‌లో రెండుసార్లూ తీసినవాళ్ళకి ఫాలోఅప్ మోడ్ (మళ్ళీ సరిగ్గా అదే చోట తీసే పద్ధతి) వాడి ఉంటే వాళ్ళ అంకెలు చాలావరకు నమ్మొచ్చు. కటాఫ్ కావాలంటే యూవియైటిస్ మీద జరిగిన మస్ట్ ట్రయల్ వాళ్ళు 2011లో 20 శాతం మార్పు అని చెప్పారు, అదీ ఒకే మెషీన్ మీద తీసినవాటికే.

పాతకాలం రెటీనా: ఇంత తంటా ఎందుకు, ఒక్క ఎఫ్ఎఫ్ఏ తీస్తే పోయేది.

సన్‌గ్రేడింగ్: ఎఫ్ఎఫ్ఏలో లీకేజీ ఉంది, ఓసీటీలో మందం లేదు. అప్పుడేం రాస్తారు?

పాతకాలం రెటీనా: లీకేజీ ఉందని రాస్తా.

పీజీ సెకండియర్: బయట స్కాన్‌వాళ్ళని తీసేస్తే శాంపిల్ సైజు పడిపోతుంది, గైడ్ గారు ఊరుకోరు. వాళ్ళకి హేజ్, చూపు మాత్రమే పెట్టి, మందం కాలమ్ ఖాళీగా వదిలేసి అడుగుతా. థ్యాంక్స్ అందరికీ.

స్కాన్ గది: ఖాళీగా వదిలినచోట మెషీన్ పేరు రాయండి.

సన్‌గ్రేడింగ్: ఫ్లేర్ (కంటి ముందు గదిలో ప్రొటీన్ వల్ల వచ్చే మసక) గురించి ఎవరూ మాట్లాడలేదేం? లేజర్ ఫ్లేర్ మీటర్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?