షేర్ ఫోల్డర్‌లో ఎర ఫైలు పెట్టి ఎవరు తెరుస్తున్నారో కనుక్కోవడం ఎలా?

ప్రశ్న (ఆదోని, జిన్నింగ్ మిల్లు ఆఫీసు)
ఒక విండోస్ సర్వర్, దానికి 14 సిస్టంలు. పత్తి రేట్లు, పార్టీల బకాయిలు, టాలీ బ్యాకప్ అన్నీ ఒకే షేర్ ఫోల్డర్‌లో ఉన్నాయి. రాత్రిళ్లు ఎవరో లోపలికొచ్చి చూస్తున్నారని అనుమానం. ఎర ఫైలు పెడితే ఎవరు, ఏ సిస్టం నుంచి తెరిచారో తెలుస్తుందా? ప్రాపర్టీస్‌లో 'యాక్సెస్డ్' తేదీ చూస్తే చాలదా?

జవాబు (కర్నూలు)
ఆ తేదీని నమ్మొద్దన్నా. చాలా సిస్టంలలో అది సరిగా మారదు. మారినా ఎవరు తెరిచారో చెప్పదు. విండోస్‌లోనే ఆడిట్ (ఎవరేం తెరిచారో లాగ్ అనే నమోదు పట్టీలో రాసుకునే ఏర్పాటు) ఉంది, విడిగా ఏమీ కొనక్కర్లేదు. అయితే రెండు చోట్ల ఆన్ చేయాలి. చాలామంది ఒకచోటే చేసి, లాగ్ రాలేదని వదిలేస్తారు.

మొదటిది సెక్యూరిటీ పాలసీలో. అడ్వాన్స్‌డ్ ఆడిట్ పాలసీ, ఆబ్జెక్ట్ యాక్సెస్, అందులో 'ఆడిట్ ఫైల్ సిస్టమ్' సక్సెస్ టిక్ పెట్టండి. రెండోది ఆ ఫైలు మీదే. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఆడిటింగ్ ట్యాబ్‌లో 'ఎవ్రీవన్'ను చేర్చి 'రీడ్ డేటా', 'రైట్ డేటా', 'డిలీట్' మాత్రమే ఎంచుకోండి. ఫోల్డర్ మొత్తానికి పెట్టారంటే రోజుకు వేల లైన్లు పడతాయి, కావలసింది వాటి కింద పూడిపోతుంది.

ఇక ఎవరు ముట్టినా సెక్యూరిటీ లాగ్‌లో 4663 నంబరు ఈవెంట్ (ఒక నమోదు) పడుతుంది. యూజర్ పేరు, లాగాన్ ఐడీ (ఆ లాగిన్‌కు విండోస్ ఇచ్చే గుర్తు) ఉంటాయి గానీ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఆ సిస్టం చిరునామా, ఉండదు. అదే లాగాన్ ఐడీతో 4624 ఈవెంట్ వెతకండి, వచ్చిన ఐపీ అందులో ఉంటుంది. లాగాన్ టైప్ 3 అయితే నెట్‌వర్క్ షేర్ ద్వారా, 10 అయితే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చినట్టు. 5145 ఈవెంట్ ఐపీని నేరుగా ఇస్తుంది కానీ షేర్లలోని ప్రతి ఫైలుకూ పడుతుంది. మీ సైజు ఆఫీసుకు 4663, 4624 జత చాలు.

లాగ్ సైజు మామూలుగా 20 ఎంబీయే ఉంటుంది. నిండితే పాతవి చెరిగిపోతాయి. 1 జీబీకి పెంచండి.

జవాబు (అనంతపురం)
పైదంతా సరే. అంతకంటే ముందు ఒకటి చూసుకోండి: 14 సిస్టంలూ ఒకే యూజర్‌తో షేర్‌లోకి వస్తున్నాయా? అలాగైతే లాగ్‌లో పేరు ఎందుకూ పనికిరాదు. మనిషికో లాగిన్ ఇవ్వండి. రౌటర్‌లో ఒక్కో సిస్టంకు ఒక్కో ఐపీ రిజర్వ్ చేయండి. లేదంటే సోమవారం గుమాస్తా సిస్టంకున్న ఐపీ గురువారం ఇంకొకరిదవుతుంది, తప్పు మనిషి మీద నింద పడుతుంది. ఇది చిన్న విషయం కాదు సార్.

ఫైలు పేరు గురించి. 'పాస్‌వర్డ్‌లు' అని పెట్టేస్తారు చాలామంది. మీ దగ్గరికొచ్చేవాడికి కావలసింది రేట్లు. 'పార్టీల బకాయిలు', 'క్యాండీ రేట్లు, ఫైనల్' లాంటివి పెట్టండి. లోపల ఖాళీగానో రెండు లైన్లతోనో ఉంటే తెలిసినవాడు వెంటనే పసిగడతాడు. వంద, నూటయాభై వరుసలైనా ఉండాలి. క్యాండీ అంటే దాదాపు 356 కిలోలు కదా, రేటు ఆ లెక్కకు నప్పాలి. తేదీ మాత్రం పోయిన సీజన్‌ది వేయండి, లేకపోతే మన గుమాస్తానే పొరపాటున చూసి ఆ రేటు పార్టీకి చెప్పేస్తాడు.

బయటికి ఎవరు చేరవేస్తున్నారన్నదే అనుమానమైతే ఒక్కొక్కరి ఫోల్డర్‌లో ఒక్కో కాపీ పెట్టి, ఒక్క అంకె తేడాగా ఉంచండి. బయట ఏ అంకె వినిపిస్తే ఆ కాపీయే. తేడా జాబితా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, సర్వర్‌లో కాదు.

ప్రశ్న (ఆదోని)
ఆడిట్ పెట్టాం. 4663 వస్తోంది, కానీ తెల్లారుజామున 2 గంటలకు రోజూ పడుతోంది. దొంగ అనుకోవాలా? ఇంకోటి, ఫోన్‌కు మెసేజ్ రావాలని టాస్క్ షెడ్యూలర్‌లో ఫైలు పేరుతో ఫిల్టర్ పెడితే పనిచేయడం లేదు.

జవాబు (కర్నూలు)
రోజూ ఒకే టైముకు వస్తే ముందు బ్యాకప్‌నూ యాంటీవైరస్‌నూ అనుమానించండి. ఆ ఈవెంట్‌లో ప్రాసెస్ పేరు చూడండి. ఎర ఫైలును ఆ రెండింటి నుంచీ మినహాయించి, ఇండెక్సింగ్ (వెతకడానికి విండోస్ ముందే ఫైళ్లు చదివిపెట్టుకోవడం) టిక్ తీసేయండి. షేర్ నుంచి వచ్చినవాటికి ప్రాసెస్ ఐడీ 0x4 అనే ఉంటుంది, దాంతో ఏమీ తేలదు, 4624 చూడాల్సిందే. మౌస్ ఫైలు మీద ఆగినా, ప్రివ్యూ పేన్ తెరిచి ఉన్నా కూడా 4663 పడొచ్చు. ఒక్క లైను చూసి ఎవరినీ నిలదీయొద్దు. వేర్వేరు ఫోల్డర్లలో మూడు ఎరలు పెట్టండి, ఐదు నిమిషాల్లో రెండు కదిలితే అప్పుడు లెక్క.

ఫిల్టర్ సంగతి: షేర్ దారి రాసుంటారు. లాగ్‌లో సర్వర్ లోపలి దారి పడుతుంది, అంటే డి డ్రైవ్‌తో మొదలయ్యేది. అక్షరం తేడా లేకుండా పూర్తిగా రాయాలి, 'ఈ పదం ఉంటే చాలు' అనే ఫిల్టర్ అక్కడ లేదు. 'సెండ్ ఈమెయిల్' పాతబడింది, పవర్‌షెల్ స్క్రిప్టు నడిపించండి.

జవాబు (కడప)
ఫైలు కాపీ చేసుకుని బయట తెరిచినా తెలియాలంటే వర్డ్ ఫైలులో బయటి సర్వర్ నుంచి లోడయ్యే బొమ్మ పెట్టే పద్ధతి ఉంది. తెరిస్తే ఐపీ, టైమూ వస్తాయి. ప్రొటెక్టెడ్ వ్యూలోనే చూసినా, నెట్ లేకుండా తెరిచినా రావు, కాబట్టి రాలేదంటే తెరవలేదని కాదు. మొబైల్ డేటా ఐపీ అయితే ఒకే ఐపీ వెనక చాలామంది ఉంటారు. పోర్టు నంబరు, సెకన్లతో సహా టైము ఉంటేనే పోలీసులు కంపెనీ నుంచి మనిషిని రాబట్టగలరు. సర్వర్ గడియారం నెట్ టైముతో సరిపోవాలి. లాగ్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లో ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలపడం మరవొద్దు.

ఎర పద్ధతి కొత్తదేమీ కాదు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ల్యాబ్‌లో సిస్టంలు చూసుకునే క్లిఫర్డ్ స్టోల్ కంప్యూటర్ వాడకం లెక్కలో 75 సెంట్ల తేడా వెంటపడి దొంగను పసిగట్టాడు. తర్వాత 1987లో 'ఎస్‌డీఐ నెట్' పేరుతో బూటకపు ఫైళ్లు సృష్టించాడు. దొంగ వాటిని చదువుతూ లైన్లో ఉండిపోయినంతసేపూ ట్రేస్ సాగింది, దారి జర్మనీలోని హానోవర్‌కు తేలింది. ఎర చదవడానికి టైము పట్టేలా ఉండాలనేది అందుకే.

ఎర కదిలినప్పుడు కంగారుగా సర్వర్ ఆపేయొద్దు, ఫార్మాట్ అసలే వద్దు. సెక్యూరిటీ లాగ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎగుమతి చేసి, షా-256 హాష్ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) తీసి, తేదీతో రాసుకుని సంతకం పెట్టుకోండి. కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఆ హాష్ అడుగుతారు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం చొరబాటును గమనించిన 6 గంటల్లో వాళ్లకు తెలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎర ఫైలులో ఎదుటివాడి సిస్టంను పాడుచేసే కోడ్ మాత్రం పెట్టొద్దు, ఐటీ చట్టం సెక్షన్లు 43, 66 మీ మీదికే వస్తాయి.

రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు బయటికి తెరిచి ఉందేమో ఈ రాత్రే చూసి మూసేయండి.