లిగమెంట్ తెగిన కుక్కకు ఆపరేషన్ తప్పనిసరా?

వానచినుకు:
మా ల్యాబ్రడార్‌కి ఐదేళ్ళు, బరువు 34 కిలోలు. కొన్నాళ్ళుగా పొద్దున్నే లేవగానే వెనక కుడికాలు కుంటేది, కాసేపు తిరిగితే సర్దుకునేది. మొన్న బంతి కోసం పరుగెత్తి, గబుక్కున మలుపు తిరగబోయి ఒక్క అరుపు అరిచి కాలు ఎత్తేసింది. ఇప్పుడు నిలబడితే వేళ్ళ కొసలు మాత్రమే నేలకు ఆనిస్తోంది. కూర్చుంటే ఆ కాలు మడవకుండా పక్కకు చాపేస్తోంది. డాక్టరు గారు మోకాలు పట్టుకుని కింది ఎముకను ముందుకు జరిపి చూసి, మోకాలి లోపల రెండు ఎముకలనూ పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ తెగింది, టీపీఎల్‌ఓ అనే ఆపరేషన్ చేయాలి అన్నారు. ఇంట్లో సగం మంది చేయిద్దామని, సగం మంది వద్దని. బంతి ఆడించింది నేనే కాబట్టి అందరూ నన్నే చూస్తున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాతకాపు:
తొందరపడకండి. మా కుక్కకూ ఇదే వచ్చింది. కోయించలేదు. తిరగనివ్వకుండా కట్టడి చేశాం, తిండి తగ్గించాం, డాక్టరు రాసిన నొప్పి మందు వాడాం. ఇప్పుడు శుభ్రంగా తింటోంది, తిరుగుతోంది, తోక ఊపుతోంది. 1984లోనే వాసర్ అనే పశువైద్యుడి పరిశీలనలో ఆపరేషన్ లేకుండా నూటికి 85 కుక్కలు కోలుకున్నాయి. ఈ సంగతి ఆపరేషన్ చేసేవాళ్ళు చెప్పరు.

ఎముకలపిచ్చి:
పాతకాపు గారూ, సగం చెప్పి సగం మింగేశారు. ఆ 85 శాతం 15 కిలోల లోపు కుక్కలకు. అంతకు మించిన బరువున్నవి 57 ఉంటే, వాటిలో కోలుకున్నవి 11. అంటే నూటికి 19. ఇక్కడ అడుగుతున్నది 34 కిలోల కుక్క గురించి.

వానచినుకు గారూ, బంతిని తిట్టుకోకండి. ఆటగాళ్ళకు తెగినట్టు ఒక్క దెబ్బకు తెగడం కుక్కల్లో తక్కువ. నెలల తరబడి పోగు పోగుగా అరిగి, చివరికి ఏదో ఒక మలుపులో పూర్తిగా తెగుతుంది. పొద్దున్నే కుంటింది అన్నారు కదా, అదే మొదలు.

జానెడుతోక:
మాది 16 కిలోలు. అది ఏ లెక్కలోకి వస్తుంది?

పాతకాపు:
మింగింది ఎవరో చూద్దాం. 2013లో వచ్చిన అధ్యయనం తీయండి. అన్నీ 20 కిలోలు దాటిన, ఒళ్ళు చేసిన కుక్కలే. సగానికి ఆపరేషన్, సగానికి లేదు. ఏడాది తర్వాత సఫలమయ్యే అవకాశం ఆపరేషన్ చేసినవాటికి 75 శాతం, చేయనివాటికి దాదాపు 64. ఈ కాస్త తేడా కోసం ఎముక కోయించాలా?

ఎముకలపిచ్చి:
అదే అధ్యయనంలో ఆరు నెలల దగ్గర లెక్క ఎందుకు వదిలేశారు? ఆపరేషన్ చేసినవి 93, చేయనివి 33. ఇంకో మాట. అక్కడ చేయనివాటిని ఊరికే కట్టేసి ఉంచలేదు. రెండు గుంపులకూ కొలిచిన తిండి, ఫిజియోథెరపీ, నొప్పి మందు ఇచ్చారు. "కోయించలేదు" అనే మాటలో మీరు చేసిందీ వాళ్ళు చేసిందీ ఒకటే అన్నట్టు కలిపేస్తున్నారు.

రెండోకాలు:
మీ శాతాలు మీ దగ్గరే పెట్టుకోండి. మేం ఆపరేషన్ చేయించాం, బ్రహ్మాండంగా నడిచింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఏడాది తిరక్కముందే ఎడమకాలు పోయింది. డాక్టరు గారి దగ్గరికి వెళితే, "అవునండీ, చాలా కుక్కలకు అంతే" అన్నారు. ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది కదా! తెలిసి ఉంటే మొదటిదాని విషయంలో వేరేగా ఆలోచించేవాళ్ళం.

ఎముకలపిచ్చి:
చెప్పకపోవడం తప్పే. ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోదీ పోతుంది. అరుగుదల రెండువైపులా ఉంటుంది కాబట్టి. కానీ అది ఆపరేషన్ తప్పు కాదు. పైగా మొదటి కాలు గట్టిగా ఉంటేనే కదా రెండోది పోయినప్పుడు కుక్క నిలబడగలిగేది?

రెండోకాలు:
ఆపరేషన్ తప్పు అని నేను అనలేదు. చెప్పలేదు అన్నాను.

మూలకుర్చీ:
టీపీఎల్‌ఓ అంటే లిగమెంట్ కుట్టడమేనా?

ఎముకలపిచ్చి:
కాదండీ. తెగిన లిగమెంట్ జోలికే పోరు, చిరుగు ముక్కలుంటే తీసేస్తారు. కుక్క మోకాలు నిలబడినప్పుడు కూడా వంగే ఉంటుంది. కింది ఎముక పైభాగం వెనక్కి ఏటవాలుగా ఉంటుంది, చాలా కుక్కల్లో 25 డిగ్రీలకు అటూ ఇటూ. బరువు పడ్డ ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద వెనక్కి జారబోతుంది. ఏటవాలు రోడ్డు మీద ఆపిన బండి చక్రానికి అడ్డం పెట్టిన రాయిలా లిగమెంట్ దాన్ని పట్టి ఉంచుతుంది. రాయి పోయింది కాబట్టి రోడ్డునే చదును చేద్దామన్నది స్లోకమ్ అనే పశువైద్యుడి ఆలోచన, 1993లో ప్రచురించారు. గుండ్రటి రంపంతో ఎముక పైభాగాన్ని కోసి, తిప్పి, వాలును 5 డిగ్రీల దాకా తెచ్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఎముక అతుక్కోవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

చిన్న కుక్కలకు మోకాలి బయటివైపు గట్టి నైలాన్ దారంతో బిగించే పద్ధతీ ఉంది. బరువైన, చురుకైన కుక్కల్లో ఆ దారం త్వరగా వదులైపోవచ్చు.

జానెడుతోక:
16 కిలోలు?

పాతకాపు:
బాబూ, 15 దగ్గర గీత గీసి అవతల ఒక కుక్క, ఇవతల ఒక కుక్క అని ఉండదు. మీ కుక్క ఒళ్ళు చూడండి. పక్కటెముకలు చేతికి తగలకపోతే ముందు అది తగ్గించండి.

ఎముకలపిచ్చి:
ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినండి.

నిద్రపట్టదు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. డాక్టరు దొరికేదాకా ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ ఇవ్వొచ్చా?

ఎముకలపిచ్చి:
వద్దు!! కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కుక్కలకు మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ లాంటివి వేరే ఉన్నాయి, అవి కూడా డాక్టరు రాస్తేనే. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఈ రెండూ కలవకూడదు.

మూలకుర్చీ:
మోకాలికి తొడిగే బ్రేస్‌లు అమ్ముతున్నారుగా?

పాతకాపు:
వాడాం. తొడ పైన లావు, కింద సన్నం. కాసేపటికే జారి కిందికొస్తుంది. బిగిస్తే చర్మం ఒరుసుకుపోయి పుండైంది. తీసి పక్కన పెట్టేశాం.

ఎముకలపిచ్చి:
పాతకాపు గారూ, ఒక్క ప్రశ్న. తింటోంది, తోక ఊపుతోంది అన్నారు. ఆ కాలి తొడ చుట్టుకొలత, రెండో కాలి తొడ చుట్టుకొలత టేపుతో ఎప్పుడైనా కొలిచి చూశారా? నొప్పి ఉన్న కాలి మీద కుక్క బరువు వేయదు, కండ కరిగిపోతుంది. ఆ 2013 అధ్యయనంలో యజమానుల మాట ఒక్కటే నమ్మలేదు, నేలలో అమర్చిన ప్లేటు మీద నడిపించి ఏ కాలు ఎంత బరువు మోపుతోందో కొలిచారు. కుక్కలు మూలగవు. మూలగట్లేదు కాబట్టి నొప్పి లేదనుకోవడం మనకు సౌకర్యంగా ఉంటుంది, అంతే.

పాతకాపు:
సౌకర్యమా? రాత్రిళ్ళు దాని పక్కన చాప వేసుకుని పడుకున్నది నేను. మీరు టేపు పట్టుకుని పాఠాలు చెబుతున్నారు. నా కుక్క నొప్పి నాకు తెలీదా?

ఎముకలపిచ్చి:
తెలియకపోవచ్చు అంటున్నాను. డబ్బు మిగిలింది, దానికి శాస్త్రం పేరు తగిలించారు అనిపిస్తోంది.

రెండోకాలు:
ఇది అనాల్సిన మాట కాదండీ.

పాతకాపు:
సరే, ఇప్పుడు వినండి. మా దానికి పన్నెండేళ్ళు. గుండె మందు మీద ఉంది. మత్తు తట్టుకుంటుందో లేదో చెప్పలేం అన్నారు. తట్టుకున్నా తర్వాత రెండు నెలల బోను. దానికి మిగిలినదే కాస్త. అందులోంచి రెండు నెలలు తీసి బోనులో పెట్టాలా? డబ్బు లెక్క వేసుకోలేదు. దాని రోజులు లెక్క వేసుకున్నాను.

ఎముకలపిచ్చి:
డబ్బు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఈ పన్నెండేళ్ళు మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవే లేదు. ఐదేళ్ళ కుక్కకు సలహా ఇస్తూ పన్నెండేళ్ళ కుక్క కథ చెప్పారు. దీని ముందు ఇంకా ఏళ్ళున్నాయి. వదులు మోకాలితో ఆ ఏళ్ళన్నీ తిరిగితే లోపలివైపు మెనిస్కస్, అంటే కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి, రెండు ఎముకల మధ్య నలిగి చిరుగుతుంది, కీళ్ళవాతం ముదురుతుంది.

పాతకాపు:
ఆపరేషన్ చేయించినా కీళ్ళవాతం ఆగదు. అది కూడా చెప్పండి.

ఎముకలపిచ్చి:
ఆగదు. నెమ్మదిస్తుంది, కాలు వాడకంలోకి వస్తుంది. ఇన్ఫెక్షన్, ప్లేటు తీయాల్సి రావడం లాంటివి కొన్నిటికి జరుగుతాయి, అదీ చెబుతున్నాను. నాకు మంట పుట్టించేది "చూద్దాంలే" అన్న మాట. ఆపరేషన్ వద్దనుకోవడం ఒక నిర్ణయం. ఎంత బరువు తగ్గాలి, ఎన్ని వారాలు ఆగాలి, అప్పటికీ కాలు మోపకపోతే ఏం చేయాలి, ఇవేవీ లేకుండా చూద్దాంలే అంటే అది వాయిదా. వాయిదా వేసినన్నాళ్ళూ భరించేది కుక్క.

పాతకాపు:
నాకు మంట పుట్టించేది కోయించనివాడికి కుక్క మీద ప్రేమ లేదన్నట్టు మీరు మాట్లాడటం. మీ వాయిదా సంగతి ఒప్పుకోను. మాకు గడువు ఉంది. పెట్టింది మా డాక్టరు. ఇక్కడ రాయలేదంతే.

వానచినుకు:
ఇద్దరికీ దండం. ఈ రోజు మళ్ళీ వెళ్ళి రెండు మోకాళ్ళూ ఎక్స్‌రే తీయించాం. లిగమెంట్ ఎక్స్‌రేలో కనబడదట గానీ కీలులో నీరు చేరిన గుర్తు కనబడుతుందట. ఎడమ మోకాలిలోనూ కొంచెం ఉంది. రెండోకాలు గారి పోస్టు చదవకపోతే రెండోదాని గురించి అడిగేదాన్ని కాదు. కుడికాలికి ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాం, ఈలోగా నాలుగు కిలోలన్నా తగ్గించమన్నారు. నా భయం తర్వాత రెండు నెలలు. ఇది ఒక్క క్షణం కుదురుగా ఉండే రకం కాదు.

రెండోకాలు:
సోఫా మీదికి ఎక్కే దారులన్నీ ఇప్పుడే మూసేయండి. గెంతు ఒక్కటి చాలు, స్క్రూలు కదులుతాయి. నున్నటి నేల మీద రబ్బరు చాపలు పరవండి.

పాతకాపు:
బోను ఆపరేషన్ రోజున కొనకండి, ఇప్పుడే తెచ్చి తలుపు తీసి పెట్టండి. తిండి అందులోనే పెట్టండి, అలవాటవుతుంది. ఒంటికి బయటికి తీసుకెళ్ళేటప్పుడు కూడా పొట్టి పట్టీ ఉండాల్సిందే. పొట్ట కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పైకి పట్టుకుంటే వెనక బరువు మీ చేతికి వస్తుంది. కోసినా కోయకపోయినా ఇంతవరకూ తేడా లేదు.

ఎముకలపిచ్చి:
తువ్వాలు మగ కుక్కకు కాస్త వెనక్కి వేయండి, లేకపోతే తడిసిపోతుంది.