కెన్యాలో అమ్మానాన్నా లేని బాబుకి బర్త్ సర్టిఫికెట్ ఎలా తీయించాలి?

నైరోబీలో మా తెలుగు ప్రార్థన సహవాసం తరఫున, కిసుము దగ్గర పల్లెలో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న అనాథ పిల్లలకి స్కూల్ ఖర్చులు చూస్తున్నాం. వాళ్లలో ఎనిమిదో గ్రేడ్ బాబుకి బర్త్ సర్టిఫికెట్ లేదు. తొమ్మిదిలో పబ్లిక్ పరీక్షకి పేరు నమోదు చేయాలంటే అది కావాలంటున్నారు, అదే టెన్షన్. ఇంట్లోనే పుట్టాడు, ఆసుపత్రి కాగితం లేదు. తల్లిదండ్రుల మరణాలూ నమోదు కాలేదు. అసిస్టెంట్ చీఫ్ (ఇక్కడ ఊరి స్థాయి ప్రభుత్వ అధికారి) ఉత్తరం, బాప్తిస్మం కార్డు, టీకాల కార్డు ఇచ్చాం. తల్లి ఐడీ నంబర్ కావాలని తిప్పి పంపారు. అమ్మమ్మ గుడ్డలో చుట్టి దాచిన ఆ ఐడీ జిరాక్స్‌లో చివరి అంకెలు చెరిగిపోయాయి, పాపం. బ్రోకర్ దారి మాకొద్దు.

ఇలాంటిది చేయించినవాళ్లు చెప్పండి: ముందు తల్లి మరణం నమోదు చేయించాలా, అమ్మమ్మ అఫిడవిట్ సరిపోతుందా?