ఏడో తరగతితో చదువు ఆపేసిన తల్లిని. నా కూతురి చదువుకి నా వల్ల లోటు జరుగుతుందా?

కుట్టుమిషను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఏడో తరగతి వరకే చదివాను. ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయన లారీ నడుపుతారు, పదో తరగతి తప్పారు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. మాకు ఒక్కతే పాప. ఐదో తరగతి.

ఇన్నాళ్లూ పక్కన కూర్చోబెట్టుకుని నేనే చెప్పుకొచ్చాను. ఈ ఏడాది భిన్నాలు మొదలయ్యాయి. కింద అంకెలు వేరువేరుగా ఉంటే ఎలా కూడాలో నాకు తెలీదు. పాప పుస్తకం తెస్తే "నాకెప్పుడూ లెక్కలు రాలేదమ్మా, రేపు టీచర్ని అడుగు" అంటున్నాను. మొన్న స్నేహితురాలితో ఫోన్లో "మా అమ్మకి లెక్కలు రావు, నాకూ రావు" అంది. చాలా మామూలుగా అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది.

తన క్లాసులో చాలామంది పిల్లల అమ్మానాన్నలు డిగ్రీలు చేసి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. మీటింగులో వాళ్లు టీచర్తో మాట్లాడే తీరే వేరు. సిలబస్ అంటారు, ప్రాజెక్టు అంటారు, పేపర్ మళ్లీ చూపించమంటారు. నేను సంతకం పెట్టి "బాగా చదువుతోందా అండీ?" అంటాను. "పర్వాలేదమ్మా" అంటారు. వచ్చేస్తాను.

తల్లిదండ్రుల చదువుని బట్టే పిల్లల చదువు, ఎక్కడ చూసినా అంతే, పాపని మీ దగ్గర ఉంచుకుంటే ఎదగదు, హాస్టల్లో వెయ్యండి అంటోంది మా ఆడపడుచు. ఇది నిజమేనా? ట్యూషన్ పెట్టించాలా, నేనే మళ్లీ పుస్తకం పట్టుకోవాలా, తను చెప్పినట్టు హాస్టల్లో వెయ్యాలా? నన్ను ఓదార్చడానికి ఏమీ రాయకండి. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి చాలు.

నల్లబల్ల

చెల్లీ, నేను చాలా ఏళ్లుగా ప్రాథమిక తరగతులకి పాఠాలు చెబుతున్నాను. మీరు అడిగినట్టు ఉన్నదే చెబుతాను.

మీ ఆడపడుచు అన్నది సగటు లెక్కల్లో నిజమే. ఎక్కువ చదివిన తల్లిదండ్రుల పిల్లలు సగటున ఎక్కువ చదువుతారు. అయితే అందులో చదువు వాటా ఎంత? చదువుతో పాటు వచ్చే జీతం, తీరిక, పరిచయాలు, పుట్టుకతో వచ్చేవి, వీటి వాటా ఎంత? నార్వేలో 1960ల ప్రాంతంలో నిర్బంధ విద్యని 7 ఏళ్ల నుంచి 9 ఏళ్లకి పెంచారు. ఒక్కో ఊళ్లో ఒక్కో ఏడాది అమలు చేయడం వల్ల పోల్చి చూడటానికి వీలైంది. ఆ రెండేళ్లు అదనంగా చదివినవాళ్ల పిల్లల్ని తర్వాత పరిశీలిస్తే, తల్లుల నుంచి కొడుకులకి కొంత మేలు కనిపించింది. మిగతావాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి తల్లి ఎన్నో తరగతి చదివిందన్న దాన్ని బట్టి పిల్ల ఎంత దూరం వెళ్తుందో చెప్పేయడం కుదరదు.

ఇంట్లో జరిగేదానికి మాత్రం చాలా బలం ఉంది. జమైకాలో 1986-87లో 129 మంది పసిపిల్లలతో ఒక పరిశోధన మొదలుపెట్టారు. అందరూ పేద ఇళ్ల పిల్లలే, వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లే. వాళ్లలో కొందరి ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు వెళ్లారు. ఆ గంటలో తల్లులకి నేర్పింది పిల్లలతో ఎలా ఆడాలి, ఎలా మాట్లాడాలి అన్నదే. ఆటబొమ్మలు కూడా ఇంట్లో దొరికే వస్తువులతో చేసినవే. 20 ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, తల్లులకి అలా నేర్పని ఇళ్ల పిల్లల కంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. ఆ తల్లులకి ఎవరూ కొత్తగా డిగ్రీలు ఇవ్వలేదు.

మాటల సంగతీ అంతే. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ఇళ్లలో మాటలు రికార్డు చేసి, ఆ పిల్లల మెదడు స్కాన్లతో పోల్చిన అధ్యయనం ఒకటి అమెరికాలో 2018లో వచ్చింది. పెద్దవాళ్లు ఎన్ని పదాలు వాడారన్న దానికన్నా, పిల్లకీ పెద్దకీ మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందన్నదే భాషకి సంబంధించిన మెదడు భాగం పనితీరుతో ముడిపడి కనిపించింది. తల్లిదండ్రుల ఆదాయాన్నీ చదువునీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. మీ పాప ఆ వయసు దాటింది, నిజమే. అయినా నా తరగతిలో నేను చూసేదీ అదే. ఇంట్లో తన మాట పూర్తిగా వినే మనిషి ఉన్న పిల్ల క్లాసులో చెయ్యెత్తుతుంది. తప్పు చెప్పినా రెండోసారి ఎత్తుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాప ముందు "నాకు లెక్కలు రావు" అనడం ఈ రోజే మానేయండి. లెక్కలంటే భయపడే తల్లిదండ్రుల మీద షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలవి ఆ ఇళ్లు. అలాంటి తల్లిదండ్రులు తరచుగా హోంవర్కులో సాయం చేసిన చోట పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం ఎక్కువ తెచ్చుకున్నారు. సాయం పెద్దగా చేయని చోట ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి రాని లెక్క మీరు చెప్పకపోవడం వల్ల పాపకి ఏ నష్టమూ లేదు. నష్టమంతా ఆ భయం పిల్లకి చేరడంలోనే ఉంది.

పైగా మీకు భిన్నాలు రావన్న మాట నేను ఒప్పుకోను. మీరు కుర్తా కత్తిరించేటప్పుడు చాతీ కొలతని నాలుగుతో భాగించి, దానికి వదులూ కుట్టు మార్జినూ కలుపుతారు కదా? అర మీటరు ముక్కా పావు మీటరు ముక్కా కలిపితే ఎంత గుడ్డ అని అడిగితే ముప్పావు అని వెంటనే చెప్తారు. ఎలా చెప్పారు? అర అంటే రెండు పావులని మీకు తెలుసు. ఆ రెండింటికి ఇంకోటి కలిపి మూడు పావులన్నారు. హరాలు సమానం చేయడమంటే ఇంతే. కింద అంకె వేరుగా ఉంటే రెండింటినీ ఒకే సైజు ముక్కల్లోకి మార్చాలి, ఆ తర్వాత ముక్కల్ని లెక్కపెట్టాలి. పుస్తకం మూసి టేపు పాప చేతికివ్వండి. "ఒకటింపావు మీటరు గుడ్డ ఉంది, ముప్పావు వాడాను, ఎంత మిగులుతుంది?" అని అడగండి. తను కొలిచి చెప్తుంది. తర్వాత అదే లెక్కని నోటుబుక్కులో అంకెల్లో రాసి మీకు చూపించమనండి.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. ఫలానా చోట ఆగిపోతోందని టీచర్ చెబితే అప్పుడు ఆలోచించండి. హాస్టల్ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. సాయంత్రం తనకోసం ఇంత ఆలోచించే తల్లి ఉన్న పిల్లని, ఆ తల్లి చదువుకోలేదన్న కారణంతో దూరం పంపకూడదు.

పాత రీడింగు

అక్కా, మా అమ్మానాన్నలిద్దరికీ సంతకం కూడా రాదు. నేనిప్పుడు ఇంజినీరుగా పని చేస్తున్నాను. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పడానికి రాయడం లేదు. మా వీధిలో నాకంటే చురుకైన పిల్లలు ఎందరో పనుల్లోకి వెళ్లిపోయారు. మా ఇంట్లో ఏం జరిగేదో మాత్రం చెబుతాను.

ఇంటికి ఏ కాగితం వచ్చినా నాన్న నాతోనే చదివించేవాడు. కరెంటు బిల్లు వస్తే పాత రీడింగు ఎంత, కొత్తది ఎంత, తేడాకి ఇంత డబ్బు ఎందుకైందో చెప్పమనేవాడు. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకోబోతే ఇట్టే పట్టేసేవాడు. "పోయిన నెల కంటే తక్కువే కాల్చాం కదరా, మరి డబ్బు ఎందుకు పెరిగింది?" అనేవాడు. నేను మళ్లీ బిల్లు మొదటి నుంచీ చదవాల్సి వచ్చేది. కింద చిన్న అక్షరాల్లో పాత బకాయి కనిపించేది. అక్షరం రాని మనిషి నాకు నేర్పింది అదీ: అర్థమయ్యేదాకా చెప్పు, చెప్పలేకపోతే నీకింకా అర్థం కాలేదని.

ఇంకోటి, నేను పుస్తకం ముందు కూర్చుంటే అమ్మ ఏ పనికీ పిలిచేది కాదు. చుట్టాలొచ్చినా పిలిచేది కాదు. నా చదువు ఈ ఇంట్లో ముఖ్యమైన పని అని నాకు ఎవరూ నోటితో చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఊరి నర్సు

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక మాట. తల్లి చదువుకి విలువ లేదన్న అర్థం ఇక్కడ ఎవరికీ రాకూడదు. 1970 నుంచి 2009 వరకు 175 దేశాల లెక్కలు పరిశీలించి, ఐదేళ్లలోపు పిల్లల మరణాలు తగ్గడంలో సగానికి పైగా వాటా ఆడవాళ్ల చదువు పెరగడానిదేనని ఒక అధ్యయనం 2010లో అంచనా కట్టింది. రోజూ పిల్లల తల్లుల్ని చూసే నాకు ఆ అంచనా నమ్మశక్యంగానే అనిపిస్తుంది. మందు సీసా మీద ఎన్ని ఎం.ఎల్. వెయ్యాలో చదువుకోగల తల్లి, "ఈ మందు ఎందుకండీ, ఎన్ని రోజులు?" అని డాక్టర్ని నిలబెట్టి అడగగల తల్లి, ఆ బిడ్డకి పెద్ద అండ. నార్వేలో ఏడేళ్లు చదివినవాళ్లకి ఇంకో రెండేళ్లు కలపడం ఒకటి, అక్షరమే రాని చోట అక్షరం రావడం ఇంకొకటి.

అందుకని చెల్లెమ్మా, మీరు మళ్లీ పుస్తకం పట్టుకోవాలా అని అడిగారు కదా, పట్టుకోండి. పాపకి చెప్పడం కోసమే అని పెట్టుకోకండి, అది మీకోసం. పదో తరగతి ప్రైవేటుగా రాసే దారి ఉంటే కనుక్కోండి. వీలు కాకపోయినా, తను చదువుకునే అరగంట మీరూ పక్కన కూర్చుని ఏదో ఒకటి చదవండి, వార్తలైనా సరే.

మీ ఆయన సంగతి ఎవరూ మాట్లాడలేదు. లారీ ఆపినప్పుడు ఫోన్ చేస్తారు కదా. "అన్నం తిన్నావా, చదివావా"తో పెట్టేయకుండా, ఇవాళ తను ఎక్కడున్నారో, ఎన్ని కిలోమీటర్లు వచ్చారో చెప్పి, ఇంకెంతసేపట్లో చేరతారో పాపని లెక్క కట్టమనమనండి. దూరంలో ఉన్న తండ్రికి కూడా చోటుంటుంది.

రెండు డిగ్రీల ఇల్లు

నాది ఎదురువైపు ఇల్లు. అమ్మా నాన్నా ఇద్దరూ పీజీలు. హోంవర్కు తప్పుల్లేకుండా వెళ్లేది, ఎందుకంటే సగం వాళ్లే చేయించేవాళ్లు. మార్కులు బాగా వచ్చేవి. కానీ మా ఇంట్లో సాయంత్రమంతా పరీక్షే. ఎంతొచ్చింది, మొదటి మార్కు ఎవరికి, ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయి. తొమ్మిదో తరగతిలో నేను నెలల తరబడి సరిగ్గా నిద్రపోలేదు. పక్క గదిలోనే ఉన్న ఇద్దరు చదువుకున్నవాళ్లకి ఆ సంగతి తెలీదు. చెప్పేంత చనువు మా మధ్య లేదు.

మీ పాప మీ దగ్గర ఏడవగలుగుతోందా, స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తే వచ్చి చెబుతోందా? చెబుతుంటే అది చాలా పెద్ద విషయం. దాన్ని మార్కుల కోసం పోగొట్టుకోకండి.

కుట్టుమిషను

అందరికీ చాలా థాంక్స్. నల్లబల్ల గారూ, నిన్న రాత్రి టేపు పాపకిచ్చి మీరు చెప్పిన లెక్కే అడిగాను. మొదట ఒకటింపావుని టేపు మీద చూపించమన్నాను. నూట పాతిక దగ్గర వేలు పెట్టింది. అక్కడి నుంచి డెబ్భై అయిదు వెనక్కి వచ్చి "యాభై, అంటే అర మీటరు" అంది. నోటుబుక్కులో రాయమంటే ఒకటింపావుని అయిదు పావులుగా రాసింది. నాకది తట్టలేదు, తనే నాకు చెప్పింది. తర్వాత మూడో వంతు వచ్చేసరికి టేపు మీద సరిగ్గా కుదరక ఇద్దరం ఆగిపోయాం. కాగితం మడతపెట్టి చూస్తామేమో ఇవాళ.

నర్సు గారూ, పదో తరగతి సంగతి మా ఆయనతో మాట్లాడాను. పుస్తకాలు తను తెస్తానన్నారు.

రెండు డిగ్రీల ఇల్లు గారూ, చెబుతుందండీ. అన్నీ చెబుతుంది. కుడుతుంటే మిషను పక్కనే కూర్చుని చెబుతుంది.

ఇంకొక్కటి అడుగుతాను. వచ్చే వారం మీటింగు. టీచర్ని ఏమని అడగాలి? ఆవిడ మళ్లీ "పర్వాలేదమ్మా" అంటే ఏం చెయ్యాలి?

నల్లబల్ల

మూడో వంతుకి కాగితం మడతే సరైన దారి. ఒక పొడుగాటి పట్టీని మూడు మడతలు, అదే పొడవున్న ఇంకో పట్టీని ఆరు మడతలు వేసి పక్కపక్కన పెట్టండి. మూడో వంతులో ఆరో వంతులు ఎన్ని పడతాయో తనే చూస్తుంది.

మీటింగులో "బాగా చదువుతోందా?" అని అడిగితే ఏ టీచరైనా "పర్వాలేదు" అనే అంటారు, నేనూ అంటాను. ముప్పై మంది తల్లిదండ్రులు వరసలో ఉంటారు మరి. అందుకని జవాబు ఒక్క ముక్కలో రాని ప్రశ్న తీసుకెళ్లండి. పాప లెక్కల నోటుబుక్కు చేతిలో పట్టుకుని, తప్పు పోయిన ఒక పేజీ తెరిచి, "ఇక్కడ తనకి ఏది అర్థం కాలేదండీ?" అనండి. తర్వాత "క్లాసులో తెలియనిది అడుగుతుందా, మౌనంగా ఉంటుందా?" అనండి. ఇంగ్లీషు మాటలేవీ రానక్కర్లేదు. టీచర్ తెలియని మాట వాడితే అక్కడే ఆపి "అంటే ఏంటండీ?" అని అడగండి, వాళ్లు వివరిస్తారు.

పాపని కూడా వెంట తీసుకెళ్లండి. ఆవిడ చెప్పింది తనూ వినాలి, మీరు అడగడం తను చూడాలి.