8 నిమిషాల 1600 మీటర్లకి గ్రౌండులో 400లా, కరకట్ట మీద ఫార్ట్‌లెక్కా?

బెజవాడ_గ్రౌండు:
ఏపీ కానిస్టేబుల్ పీఈటీకి (శారీరక సామర్థ్య పరీక్షకి) తయారవుతున్న పిల్లల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నా. 1600 మీటర్లు మగవాళ్లకి 8 నిమిషాలు, ఆడవాళ్లకి 10 నిమిషాల 30 సెకన్లు. 8:40 – 9:00 మధ్య ఇరుక్కుపోయిన కుర్రాడికి ఆరు వారాలు టైముంటే ఏం చేయించాలి? కోచింగ్ వాళ్లు రోజూ 400లు, అంటే మధ్యలో విశ్రాంతి ఇస్తూ 400 మీటర్ల పరుగులు, కొట్టిస్తున్నారు. ఉండవల్లి కరకట్ట బ్యాచ్ ఫార్ట్‌లెక్ (ఆగకుండా కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా పరిగెత్తడం) చాలంటోంది. కారణాలు చెప్పండి. "నేను ఇలా చేశా, అయిపోయింది" కథలు వద్దు.

స్టాప్‌వాచ్:
400లే, సందేహం లేదు. 8 నిమిషాలంటే 400 మీటర్ల రౌండుకి 2 నిమిషాలు, 100 మీటర్లకి 30 సెకన్లు. ఆ స్పీడు కాళ్లకి అలవాటు కావాలంటే కొలిచిన చోట, గడియారం చూసుకుని పరిగెత్తాలి. ఎక్కువమంది పోయేది దమ్ము లేక కాదు. విజిల్ పడగానే గుంపుతో పాటు మొదటి రౌండు 1:40కి లాగేస్తారు, మూడో రౌండు 2:20కి పడిపోతుంది. టార్గెట్ 8:00 కాదు, 7:40 పెట్టుకోవాలి, అంటే రౌండుకి 1:55. మొదటి వారం 400 మీటర్లు 4 సార్లు 1:58కి, మూడో వారానికి 6 సార్లు 1:55కి.

కరకట్ట_బ్యాచ్:
స్టాప్‌వాచ్ గారూ, లెక్క బాగానే ఉంది. రోజూ అదే కొట్టిస్తే పదో రోజుకి మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది, దాని సంగతేంటి? గట్టి నేల, అరిగిన బూట్లు, ఎప్పుడూ ఒకే వైపు మలుపులు. ఫార్ట్‌లెక్‌లో ఆ బరువు పంచుకుపోతుంది. 10 నిమిషాలు నెమ్మదిగా, తర్వాత 1 నిమిషం గట్టిగా, 1 నిమిషం తేలిగ్గా, అలా 10 సార్లు, చివర్లో మళ్లీ 10 నిమిషాలు నెమ్మదిగా. "గట్టిగా" అంటే రెండు మాటలకి మించి మాట్లాడలేనంత, పళ్లు బిగించి స్ప్రింటు కాదు. తెల్లారకముందు ప్రకాశం బ్యారేజీ ఖాళీగా ఉంటే గేట్లే గుర్తులు: పది గేట్లు గట్టిగా, పది తేలిగ్గా. ఒక్కో గేటు వెడల్పే 40 అడుగులు, మధ్య స్తంభాలు కలిపితే పది గేట్లకి 120 మీటర్ల పైమాటే. బ్యారేజీ మొత్తం 1223.5 మీటర్లు. ట్రాఫిక్ మొదలయ్యాక మాత్రం అక్కడ వద్దు, కరకట్ట మీదికి దిగండి.

ఇంకోటి. ఫార్ట్‌లెక్‌ని 1930లలో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మర్ తయారుచేశాడు. ఆ దేశపు గుండర్ హాగ్ 1945లో మైలు 4:01.4కి పరిగెత్తాడు, ఆ రికార్డు 1954 దాకా నిలిచింది.

స్టాప్‌వాచ్:
రికార్డులే కావాలంటే ఇంటర్వెల్స్ (మన 400ల లాంటివే) చేయించిన జర్మనీ కోచ్ గెర్ష్లర్ శిష్యుడు హార్బిగ్ 1939లోనే 800 మీటర్లు 1:46.6కి కొట్టాడు. సరిపోయిందా?

పిక్కబలం:
హాగ్‌నీ హార్బిగ్‌నీ ఇంటికి పంపించండి. మనవాడు 9 నిమిషాలవాడు.

అసలు తేడా 400లు, ఫార్ట్‌లెక్ అన్న పేర్లలో లేదు, మధ్యలో ఇచ్చే విశ్రాంతిలో ఉంది. చాలా గ్రౌండుల్లో కనిపించేది ఇదే: 400 కొట్టేస్తారు, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగైదు నిమిషాలు నిలబడి కబుర్లు, మళ్లీ 400. అలా చేస్తే 400 మీటర్లే బాగా వస్తుంది. నాలుగు రౌండ్లు ఆగకుండా పోయేటప్పుడు ఆయాసం తీరేలోపే తర్వాతి రౌండు మొదలవుతుంది. దానికి అలవాటు పడాలంటే 400 అయ్యాక 200 మీటర్లు జాగింగ్, ఒకటిన్నర నిమిషంలో, వెంటనే మళ్లీ మొదలు. అలా చేస్తూ 1:55 రావట్లేదా, స్పీడు 2:00కి తగ్గించండి, విశ్రాంతి మాత్రం పెంచొద్దు. ఒక 400 అంతకుముందు దానికంటే 5 సెకన్లు వెనకబడితే ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. ఆ తర్వాత చేసేది అలసటే, ట్రైనింగ్ కాదు.

కరకట్ట అన్నా, మీ వాళ్ల తప్పు దీనికి రివర్సు. "తేలిగ్గా" అన్న నిమిషాన్నీ సగం గట్టిగానే లాగుతున్నారు. ఇరవై నిమిషాలూ ఒకే మోస్తరు పరుగు అయిపోతే అది ఫార్ట్‌లెక్ అవదు.

మంగళగిరి_చెల్లి:
వాచీలో హార్ట్ రేటు చూసుకుంటూ ఫార్ట్‌లెక్ చేయొచ్చా? ఇంకా, ఆడవాళ్లకి 400 టైము ఎంత పెట్టుకోవాలి?

పిక్కబలం:
ఒక నిమిషం పరుగుకి హార్ట్ రేటు పనికిరాదమ్మా. గుండె వేగం పెరగడానికే టైము పడుతుంది, పైగా మణికట్టు సెన్సారు ఇంకా వెనక ఉంటుంది. అది చూపించేసరికి నీ నిమిషం అయిపోతుంది. ఊపిరే కొలత. 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా మనిషికీ మనిషికీ పదేసి బీట్లు తేడా వస్తుంది. 10:30కి రౌండు 2:37 పడుతుంది, నువ్వు 2:30 పెట్టుకో.

బెజవాడ_గ్రౌండు:
మరి వారం ఎలా పంచాలి? ఎండల్లో?

కరకట్ట_బ్యాచ్:
మంగళవారం 400లు, శుక్రవారం ఫార్ట్‌లెక్. మిగతా మూడు రోజులు 30 – 40 నిమిషాలు పక్కవాడితో మాట్లాడుకుంటూ పోయే పరుగు, రెండు రోజులు సెలవు. 400ల దాకా ఒప్పుకున్నా, రోజూ అంటే ఒప్పుకోను. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఉక్కపోతకి అయిదున్నరకే మొదలుపెట్టాలి. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే స్పీడుకి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ రోజుల్లో టైము పట్టుకుని వేలాడకుండా శ్రమని బట్టి పోండి. ముగించాక ఉప్పేసిన మజ్జిగ.

స్టాప్‌వాచ్:
వారానికి ఒక్కసారేనా? నా ఓటు రెండుకే. నాలుగో వారం నుంచి శుక్రవారం ఫార్ట్‌లెక్ తీసేసి 800 మీటర్లు రెండుసార్లు 3:55కి, మధ్యలో 3 నిమిషాల జాగింగ్. రౌండు మారేటప్పుడు స్పీడు నిలబెట్టుకోవడం ఫార్ట్‌లెక్‌లో రాదు. చివరి గట్టి సెషన్ పరీక్షకి అయిదారు రోజుల ముందే అయిపోవాలి, ఇందులో మాత్రం గొడవ లేదు.

కరకట్ట_బ్యాచ్:
ఎముక నొప్పి లేనివాడికి సరే. ఉన్నవాడికి ఆ శుక్రవారం మట్టి దారిలో ఫార్ట్‌లెక్కే.

పిక్కబలం:
ఎవరు ఏది చేసినా ముందు గ్రౌండు కొలుచుకోండి. స్కూలు గ్రౌండుల్లో "400" అనేది చాలాసార్లు 300 చిల్లరే ఉంటుంది, అక్కడ 7:30 వచ్చిందని మురిసిపోయి అసలు రోజున బోల్తా పడతారు. కొలిచిన ట్రాకు దొరికితే మొదటి లేన్‌లోనే పరిగెత్తండి. ఎనిమిదో లేన్‌లో రౌండు దాదాపు 453 మీటర్లు, నాలుగు రౌండ్లకి 200 మీటర్లకి పైగా ఎక్కువ. ఫోను జీపీఎస్ మలుపుల్లో దూరం తప్పు చూపిస్తుంది, నమ్మొద్దు. 50 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు చాలు. లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్లు బయటికి పట్టుకుని కొలవండి.