రాయబారం కృష్ణుణ్ణి పాండవ విజయంలో మార్చడం న్యాయమేనా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
పోయినేడు పాండవోద్యోగం ఆడిన మన ఊరి నాటక సమాజం ఈసారి దాని తరువాయి, పాండవ విజయం, ఎత్తుకుంటోంది. కరపత్రం వాట్సాపులో అందరికీ చేరే ఉంటుంది. పోయినేడు పడక సీను, రాయబారం రెండూ మోసి వన్స్‌మోర్లు కొట్టించుకున్న కుర్ర కృష్ణుడు ఈసారి అర్జునుడు. కృష్ణుడిగా ఒక పెద్దాయన్ని తెచ్చినారు. కుర్రాడిది ఐదు శ్రుతి, పెద్దాయనది రెండున్నర (హార్మోనియం మెట్ల లెక్క, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి). దుర్యోధనుడు పాతాయనే. కరపత్రం కింద చూస్తే సగం మంది తిట్లు, సగం మంది చప్పట్లు. ఇక్కడ పేర్లు వద్దు, మనుషుల మీద మాటలు వద్దు. మార్చడం సరైందా కాదా, ఎందుకు, అది చెప్పండి.

పద్యం పిచ్చోడు (ప్రొద్దుటూరు):
సరైంది కాదు. తిరుపతి వెంకట కవులు భారత కథను జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం అని ఆరు నాటకాలుగా రాసింది ఒకదాని వెనక ఒకటి నడవాలనే. ఉద్యోగంలో ‘జెండాపై కపిరాజు’ పద్యంలో కృష్ణుడు ఏమని బెదిరిస్తాడు? నేను తోలే రథమెక్కి అర్జునుడు మీ మూకను చెండాడేటప్పుడు నీ మొర వినేవాడు ఒక్కడూ ఉండడు అని. ఆ ‘నేను’ అన్న గొంతు జనం చెవిలో ఇంకా ఉంది. విజయంలో తెర లేచేసరికి ఆ రథం మీద ఇంకెవరో పగ్గాలు పట్టుకుని ఉంటే పోయినేడు ఇచ్చిన మాట ఎవరు నిలబెట్టుకున్నట్టు?

పైగా ఆ మాట చెప్పిన కుర్రాడే వెనక అర్జునుడి వేషంలో నిలబడి ఉంటాడు. చూసేవాడి తల తిరగదా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
తల తిరగదు సామీ. మన సీమలో కురుక్షేత్రం అంటే ఉద్యోగ విజయాలు రెండూ కలిపి తెల్లార్లూ ఆడేదే. ఒకే రాత్రి పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధానికి మూడో కృష్ణుడు. కరపత్రంలోనే ఒకటి, రెండు, మూడు అని వేస్తారు. పాముదుర్తి నుంచి పత్తికొండ దాకా ఏ జాతరలోనూ ‘వీడు వేరేవాడు’ అని లేచిపోయినోళ్లు లేరు. కిరీటం, నెమలి పింఛం, నీలం రంగు కనబడితే చాలు, కృష్ణుడే. రాత్రి రెండు గంటలకు మారితే రాని ఇబ్బంది ఏడాది తర్వాత మారితే వచ్చిందా?

పద్యం పిచ్చోడు (ప్రొద్దుటూరు):
అది గొంతు నిలవక చేసుకున్న ఏర్పాటు అన్నా, దాన్ని సూత్రం చేయొద్దు. శార్దూలం ఒకటి రాగం తీసి పాడితే నాలుగైదు నిమిషాలు. అట్లాంటివి ఇరవై వేసుకో, గంటన్నర పాటే. వన్స్‌మోర్లు దాని మీద అదనం. ఒక్క గొంతు తెల్లవారేదాకా నిలవదు కాబట్టి ముగ్గురు. ఈ సమాజం ఆడేది ఒక్క నాటకం, అదీ హాల్లో. ఆ ఇబ్బందే లేనప్పుడు మార్పు ఎందుకు?

హార్మోనియం పెట్టె (అనంతపురం):
ఇద్దరూ కథ దగ్గరే ఆగినారు. అసలు చిక్కు శ్రుతిలో ఉంది. కరపత్రం కింద ఒకాయన ‘మధ్యలో మూడున్నర పెట్టుకుంటే సరి’ అని రాసినాడు. మూడున్నర శ్రుతి అనేది లేదు. సగాలన్నీ నల్ల మెట్లు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ నడుమ నల్ల మెట్టే లేదు.

ఇప్పుడు గీతోపదేశం చూడండి. ఇద్దరూ ఒకే రథం మీద, ఒకరి పద్యం అయ్యీకాకముందే ఇంకొకరి పద్యం. రెండున్నరకూ ఐదుకూ మధ్య నాలుగు మెట్ల తేడా. హార్మోనియం వాయించేవాడికి అది పెద్ద పని కాదు, చెయ్యి జరుపుకుంటాడు. చచ్చేది తబలా. ఐదుకు బిగించిన కుడి తబలాను సుత్తితో ఒక మెట్టు అటూ ఇటూ జరపొచ్చు, తెగిస్తే రెండు. నాలుగు మెట్లు దించితే తోలు మూత వదులై నాదం చచ్చిపోతుంది. రెండున్నర తబలాను ఐదుకు ఎక్కిస్తే మూత చిరుగుతుంది. కాబట్టి రెండు కుడి తబలాలు పక్కపక్కన పెట్టుకోవాలి, లేదా ఇద్దరూ ఒక శ్రుతికి రావాలి.

ఒక శ్రుతికి రావాలంటే అది నాలుగే. పెద్దాయన రెండు మెట్లు ఎక్కాలి, కుర్రాడు రెండు మెట్లు దిగాలి. లెక్క సమానంగానే కనబడుతుంది కానీ నష్టం సమానం కాదు. రెండున్నరలో తారస్థాయి (పై స్థాయి) పంచమం, అంటే ‘ప’, దాకా పోయే గొంతు నాలుగులో శుద్ధ మధ్యమం, అంటే ‘మ’, దగ్గరే ఆగుతుంది, స్వరస్థానం అదే కదా. అంటే పెద్దాయన ఎత్తుగడలన్నీ తిరగరాసుకోవాలి. కుర్రాడికి పైన ఇబ్బంది లేదు, కింద ఉంటుంది. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, గొంతు పలచబడి మైకులో గాలి వినబడుతుంది.

అయితే ఒక మేలు ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. గీతోపదేశంలో అర్జునుడు గాండీవం వదిలేసి చతికిలబడతాడు. కూర్చుని ఒంగినప్పుడు డొక్క ముడుచుకుపోతుంది, ఊపిరి నిండదు. ఆ భంగిమలో ఐదులో పాడమంటే ఏ కుర్రాడికైనా మెడ నరాలు ఉబ్బుతాయి, విషాదం పోయి కుస్తీ కనబడుతుంది. నాలుగులో అయితే కూర్చునే పాడగలడు. కాబట్టి అర్జునుడిగా వేసినందుకు కుర్రాడు చెడిపోడు. పెద్దాయన చెడిపోతాడేమో అన్నదే నా భయం.

లండన్ టిక్కెట్ (కడప):
ఈ గొడవ మనదొక్కటే కాదు. లండన్లో 1986లో మొదలైన ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా అనే పాటల నాటకానికి తరువాయిగా 2010 మార్చిలో అడెల్ఫీ థియేటర్లో లవ్ నెవర్ డైస్ వేసినారు. మొదటి దాంట్లో ఫాంటమ్ వేషం మైకేల్ క్రాఫర్డ్, నాయిక క్రిస్టీన్ వేషం సారా బ్రైట్‌మన్. రెండో దాంట్లో రామిన్ కరీమ్‌లూ, సియెరా బోగెస్. అభిమానులు విరుచుకుపడినారు. ‘పెయింట్ నెవర్ డ్రైస్’ అని పేరు పెట్టి ఆడుకున్నారు. 2011 ఆగస్టులో అది మూతపడింది.

తమాషా ఏమంటే, అదే ఏడాది అక్టోబరులో పాత ఫాంటమ్‌కు ఇరవై ఐదేళ్ల పండగ రాయల్ ఆల్బర్ట్ హాల్లో చేస్తే, ఫాంటమ్, క్రిస్టీన్ వేసింది ఈ కరీమ్‌లూ, బోగెస్‌లే. జనం నెత్తిన పెట్టుకున్నారు. మనుషులు వాళ్లే, గొంతులు అవే. మరి మొదట కోపం దేని మీద? పాత్రల మీద. క్రిస్టీన్ పెళ్లాడిన రౌల్‌ను తాగుబోతు జూదగాణ్ణి చేసినారు, పారిస్ కథను తీసుకుపోయి న్యూయార్క్ కోనీ ఐలండ్ సంతలో పడేసినారు.

మన విజయంలోనూ జరిగేది అదే కదా. ఉద్యోగంలో సంధి కోసం తిరిగిన కృష్ణుడు, యుద్ధంలో భీముడికి తొడ చూపించే కృష్ణుడు. పాత్రే మారిపోయినప్పుడు మనిషి మారితే తప్పేముంది?

పద్యం పిచ్చోడు (ప్రొద్దుటూరు):
నీ ఉదాహరణ నా వైపే వచ్చింది తమ్ముడూ. పాత్ర తిరిగిపోయేటప్పుడే పాత మనిషి కావాల. అదే ముఖం, అదే నవ్వు ఉండి పని మాత్రం వేరైతేనే జనం ఉలిక్కిపడతారు. కొత్తాయన వచ్చి తొడ చూపిస్తే ‘ఓహో, ఈ కృష్ణుడు ఇంతే’ అనుకుని శెనక్కాయలు ఒలుచుకుంటారు. నీ లండన్ వాళ్లయినా మొదటి జోడీని మళ్లీ తెచ్చి ఉంటే ఇంత తిట్టి ఉండరు.

లండన్ టిక్కెట్ (కడప):
ఇరవై నాలుగేళ్ల తర్వాతా అన్నా? కథలో గడిచింది పదేళ్లే.

తాడిపత్రి మేనల్లుడు (తాడిపత్రి):
పాట కృష్ణుడా, మాట కృష్ణుడా అన్న తగాదా మన జిల్లాలో ఒక కుటుంబంలోనే పుట్టింది. నాటకంలో పద్యాన్ని రాగం తీసి పాడించడం వేళ్లూనింది నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి చేత. ఆయన మేనల్లుడే తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ. ఆ మేనల్లుడేమో రాగం తగ్గించు, మాట పెంచు, ముఖం ఆడించు అన్నాడు. తర్వాత కోస్తాలో పీసపాటి నరసింహమూర్తి గారు కృష్ణుడిగా రాగం కుదించి అర్థం వినబడేట్టు చదివి పేరు తెచ్చుకున్నారు. ఈలపాట రఘురామయ్య గారు పాటతో, ఈలతో తెచ్చుకున్నారు. రెండు దారులూ గెలిచినవే.

ఈ పెద్దాయన ఏ దారి మనిషో చూడకుండా శ్రుతి అంకె ఒక్కటి పట్టుకుని తిట్టడం అన్యాయం. రెండున్నరలో మాట స్పష్టంగా ఉంటుంది. ‘జెండాపై’ మొదటి పాదమే తీసుకోండి. శార్దూలంలో యతి పదమూడో అక్షరం. చానామంది పన్నెండు దగ్గర ఆగి ఊపిరి పీలుస్తారు. అక్కడ ఆగితే ‘సితవా’ అని తెగి, ‘జిశ్రేణి’ వేరే పడుతుంది. తెల్లగుర్రాలు రెండు ముక్కలైనట్టే. తెలిసినోడు తొమ్మిదో అక్షరం, ‘ముందు’ దగ్గర ఊపిరి తీసుకుని ‘సితవాజిశ్రేణియుం గూర్చి నే’ ఒక్క బిగిన లాగుతాడు. పోయినేడు మన కుర్ర కృష్ణుడు ఎక్కడ ఆగినాడో వీడియో పెట్టుకుని వినండి.

పద్యం పిచ్చోడు (ప్రొద్దుటూరు):
విన్నా. పన్నెండు దగ్గరే ఆగినాడు. అది నేర్పితే పోతుంది, దానికి కృష్ణుణ్ణే మార్చాల్నా?

తెరవెనక (నంద్యాల):
శ్రుతి, యతి బాగానే ఉన్నాయి, నేను మైకు సంగతి చెబుతా. పాతకాలం మాదిరి ముందర మూడు మైకులు పెట్టే సమాజమైతే గీతోపదేశం ఎవరేసినా చెడేదే. రథం దిగి మైకు దగ్గరికి పరిగెత్తే కృష్ణుడు, వెనకనే అర్జునుడు. రథం వెనక ఉత్తగా నిలబడి ఉంటుంది. కాలరు మైకులు కట్టాల్సిందే. ఛాతీ మీద మాత్రం కట్టొద్దు. కంఠహారాలు, పూసలు, కవచం రాసుకుని గరగరమంటుంది. విగ్గు అంచు కింద, నుదుటి మీద, కిరీటం పట్టీకి ఆనకుండా అంటించాలి. తీగె మెడ వెనకనుంచి దించి, పెట్టె నడుం వెనక దట్టీలో దోపాలి. కిరీటం కట్టకముందే మైకు అంటించాలి, కట్టినాక వేలు దూరదు. చెమట దిగితే మైకు మూగబోతుంది, విశ్రాంతిలో తుడిచి చూసుకోవాలి.

ఐదు శ్రుతి గొంతుకూ రెండున్నర గొంతుకూ ఒకే గెయిన్ (మైకు గొంతును పట్టే మోతాదు) పెట్టినారనుకో, కుర్రాడు తారస్థాయికి పోయినప్పుడల్లా పగులుతుంది, పెద్దాయన మాట వెనక వరసకు చేరదు. రెండు ఛానళ్లు వేరు వేరుగా, రిహార్సల్లో పైస్థాయి పాడించి అక్కడ గెయిన్ కట్టేయాలి. ఇది చేయకుండా ఆడితే, నాటకం అయినాక ‘పెద్దాయన గొంతు లేదు’ అని రాసేది మీరే.

రథం గురించి ఒక మాట. బల్ల ముందు ప్లైవుడ్డు రథం నిలబెట్టేదే అయితే బల్ల రెండడుగులు మించకూడదు. చతికిలబడిన అర్జునుడి ముఖం రథం ముందు పలక పైన కనబడాల. పలక ఎత్తుగా ఉంటే అర్జునుడు మాయమై గొంతొక్కటే వస్తుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
తెరవెనక అన్నా, ఇవన్నీ సమాజం వాళ్లకు రాసి పంపు. ఇక్కడ రాస్తే ఎవరు కడతారు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):
ఇంతవరకు ఎవరూ అడగనిది ఒకటి: వాళ్లు ఆడే నాటకం రాతప్రతి ఏది? ఏ సీన్లు ఉంచినారు, ఏవి కోసినారు? గీతోపదేశం పెట్టి, కర్ణుడి వధ కుదించి, మడుగు సీను పొడుగు చేసినారంటే నాటకం బరువు దుర్యోధనుడి మీద పడుతుంది. ఆయన పాతాయనే. అప్పుడు కృష్ణుడు పాడాల్సింది తక్కువ, పక్కన నిలబడి నడిపించాల్సింది ఎక్కువ. పెద్దాయన్ని తెచ్చింది అందుకేనేమో. అట్ల కాకుండా కృష్ణుడి పద్యాలన్నీ ఉంచి ఆడితే పద్యం పిచ్చోడు చెప్పిందానికి నేను చెయ్యెత్తుతా.

హార్మోనియం పెట్టె (అనంతపురం):
కోసినా ఉంచినా గీతోపదేశం తప్పదు కాబట్టి నా మాట ఇది. నాటకమంతా నాలుగుకు తేవద్దు. పెద్దాయన ఒంటరి పద్యాలు రెండున్నరలో, కుర్రాడి యుద్ధం పద్యాలు ఐదులో ఉండనీ. సీన్ల మధ్య తెర పడుతుంది కదా, తబలా మార్చుకునే టైముంటుంది. గీతోపదేశం ఒక్కటే నాలుగులో. దానికి మూడో కుడి తబలా కావాల. లేదంటే ఐదు తబలానే రెండు మెట్లు దించుకోవాల, కానీ సీను ముందర దించితే సీను నడుమ జారుతుంది. ఆ పని విశ్రాంతిలోనే చేసి, పది నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ ఒకసారి సరిచూసుకోవాల.

పెద్దాయన మాత్రం ఇప్పటినుంచే రోజూ నాలుగులో సాధన చేయాల. తారస్థాయి గాంధారం దగ్గర ఆగే ఎత్తుగడలు కట్టుకోవాల, మధ్యమం జోలికి పోవద్దు. నాటకం నాటి రాత్రి జనం వన్స్‌మోర్ అంటే రెండోసారి రాగం తగ్గించి చదవాల.

పద్యం పిచ్చోడు (ప్రొద్దుటూరు):
మూడు తబలాలు, రెండు ఛానళ్లు, కొత్త ఎత్తుగడలు. ఇంత సర్దుబాటు ఒక మనిషిని మార్చినందుకు! కుర్రాణ్ణి కృష్ణుడిగా ఉంచి, ఐదులో పాడే అర్జునుణ్ణి వెతుక్కుంటే ఒక్క తబలాతో అయిపోయేది. కాదంటారా?

హార్మోనియం పెట్టె (అనంతపురం):
కాదనను. ఐదులో పాడే అర్జునుణ్ణి చూపించు, పోనీ నాలుగున్నర అయినా ఫరవాలేదు. కడప నుంచి ఆదోని దాకా ఆ శ్రుతిలో పాడగలిగినోడు ఎవడైనా కృష్ణుడే వేస్తా అంటాడు.