రామోజీ, వండర్‌లా ట్రిప్: నాలుగున్నరేళ్ల మా వాడిని తీసుకెళ్లొచ్చా?

మలికిపురం అమ్మ

మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. బాబుకి నాలుగున్నరేళ్లు. డాక్టరుగారు జీడీడీ అని రాశారు. అంటే నడక, మాట, చేతిపని అన్నీ వయసుకి తగ్గట్టు రాలేదు. నడక బాగా ఆలస్యంగా వచ్చింది, ఇప్పటికీ మునివేళ్ల మీదే నడుస్తాడు, కాస్త దూరం వెళ్తే కూలబడిపోతాడు. మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డైపరు ఇంకా మాన్పించలేకపోయాం. థెరపీకి అమలాపురం తిప్పుతున్నాం.

విషయమేంటంటే, ఈ సెలవుల్లో మా ఆడపడుచు పిల్లలు, బావగారి పిల్లలు హైదరాబాద్ వెళ్దామని పట్టుబట్టారు. ఒకరోజు రామోజీ ఫిల్మ్ సిటీ, మర్నాడు వండర్‌లా. మా ఆయనకీ సరదాగా ఉంది. అత్తయ్యగారేమో "వాణ్ణి నా దగ్గర వదిలేసి మీరిద్దరూ వెళ్లి రండి, వాడికేం తెలుస్తుంది" అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ ఆ చివరి మాట నాకు మింగుడుపడలేదు.

తెలియకపోవడమేంటండీ. నర్సాపురం వెళ్లేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు, అదే మనుషుల్నీ బండ్లనీ గోదావరి దాటించే ఇంజిను పడవ, ఎక్కిస్తే చూడాలి వాణ్ణి. ఇంజిను స్టార్ట్ అవుతుందనగానే కింద చతికిలబడి రెండు అరచేతులూ ఇనప రేకుకి ఆనించి కూర్చుంటాడు. అదురు మొదలవగానే నోరంతా తెరిచి నవ్వుతాడు. ఎవరి చెప్పులు తగులుతున్నా, బైకులు పక్కనే ఆగినా పట్టించుకోడు. అవతలి ఒడ్డుకి చేరాక వాణ్ణి దింపాలంటే ఇద్దరం కావాలి.

అదే పిల్లాణ్ణి సంక్రాంతికి ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే, రంగులరాట్నం దగ్గర మైకులో ఉన్నట్టుండి పాట పెట్టేసరికి నేలమీద పడి తల కొట్టుకున్నాడు. చుట్టూ జనం మూగారు. టికెట్లిచ్చే అతను "ఇలాంటోళ్లని ఎందుకు తెస్తారమ్మా" అన్నాడు. మా ఆయన అతని మీదకి వెళ్లబోతుంటే చొక్కా పట్టుకుని ఆపాను.

ఇంట్లో మిక్సీ దగ్గరా ఇదే గొడవ. చెప్పకుండా వేస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. "మిక్సీ వేస్తున్నా నాన్నా" అంటే తనే చెవులు మూసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తాడు.

వెళ్లొచ్చా? వెళ్తే క్యూల్లో ఎలా నెగ్గుకురావాలి? మెత్తగా పిసికిన పప్పన్నం, పెరుగన్నం తప్ప ఏదీ తినడు, లోపలికి తీసుకెళ్లనిస్తారా? చూసొచ్చినవాళ్లు చెప్పండి. "దేవుడి మీద భారం వేయండి" లాంటివి వద్దండి, అవి మా వీధిలోనే బోలెడు దొరుకుతున్నాయి.

భీమవరం నాన్న

వెళ్లండి. వదిలేసి మాత్రం వెళ్లకండి.

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, ఆటిజం. మేం రెండూ చూశాం. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉందండి. పంటు ఇంజిను మోత రంగులరాట్నం మైకుకేం తీసిపోదు. మీవాడికి పడనిది చెప్పాపెట్టకుండా మీదపడే మోత. ముందే తెలిస్తే తట్టుకుంటున్నాడు, మిక్సీ దగ్గర చూస్తున్నారుగా. కాబట్టి ట్రిప్పంతా మిక్సీ పద్ధతిలో నడపండి. యూట్యూబ్‌లో రెండు చోట్లవీ వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. గేటు, బస్సు, బొమ్మ రైలు, తిండి తినే చోటు, ఇలా వరసగా ఇప్పట్నుంచే చూపించండి, ముందు సౌండ్ తగ్గించి, తర్వాత పెంచుతూ. మేం ఫోటోలు ప్రింట్ తీయించి తాడుకి గుచ్చాం. ఒకటి అయిపోగానే మా అమ్మాయి దాన్ని తిప్పేసేది. చివరి ఫోటో మా ఇంటి గేటు. ఇంటికి వెళ్తామన్న సంగతి ఆ తాడులో కనబడితేగానీ దానికి మనసు కుదుటపడదు.

రామోజీ సంగతి. 1,666 ఎకరాలండి అది. నడిచి చూసేది కాదు, వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు, ఆగిన చోటల్లా దిగడం, ఎక్కడం. బండ్లంటే ఇష్టమున్న పిల్లాడికి ఆ బస్సే పెద్ద రైడు. మా అమ్మాయి సెట్టింగుల వైపు కన్నెత్తి చూడలేదు, బస్సు రాడ్డు పట్టుకుని ఊగుతూ కూర్చుంది. మనకి టికెట్టు డబ్బులు గుర్తొచ్చి "అటు చూడమ్మా, ఇటు చూడమ్మా" అంటాం. అనకండి. షోలకి వెళ్తే చివరి వరసలో, తలుపు పక్కన. లైట్లు, పేలుళ్లు ఉన్న స్టంట్ షో జోలికి అసలు పోవద్దు.

వండర్‌లాలో టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. రైడ్లకీ ఎత్తు కొలుస్తారు. మీవాడి వయసుకి పెద్ద రైడ్లు ఎలాగూ ఎక్కనివ్వరు, ఆ బెంగ వదిలేయండి. పిల్లల రైడ్లు, నీళ్లు, అంతే మీ లోకం. నీళ్లలోకి నైలాన్ బట్టలు ఉండాలి, కాటన్ ఒప్పుకోరు. ఒంటికి అతుక్కునే బట్ట మన పిల్లలకి చాలామందికి పడదు. అక్కడికెళ్లి మొదటిసారి తొడిగితే ఆ రోజు అయిపోయినట్టే. ఇప్పుడే కొని రోజూ స్నానానికి అదే వేయండి, తడిగానే కాసేపు తిరగనివ్వండి. చీకటి గదిలో పాటలు, లైట్లు, పైనుంచి వాన పడే రెయిన్ డాన్స్ ఒకటి ఉంటుంది. పక్క పిల్లలు లాక్కెళ్తారు, చూసుకోండి.

క్యూకి ఫాస్ట్‌ట్రాక్ అని ఎక్కువ డబ్బులకి టికెట్టు ఉంది. మీరు ఎక్కేవి పిల్లల రైడ్లే కాబట్టి మామూలు రోజున అది దండగ. సంక్రాంతి, దసరా, ఆదివారాలు తప్పించి వారం మధ్యలో వెళ్లండి. బడికి పోయే పిల్లల సెలవుల్ని బట్టి మీ ట్రిప్ పెట్టడమే అసలు చిక్కు. బావగారితో మాట్లాడి చూడండి.

ఇంకో మాట. వరసగా రెండు రోజులు వద్దు. మధ్యలో ఒకరోజు రూములో పడుకోనివ్వండి, లేదా రెండింట్లో ఒకటే పెట్టుకోండి. ఒకటే అయితే నేను రామోజీ అంటాను. కారులో వెళ్తే అది విజయవాడ హైవే మీదే, ఊళ్లోకి పోకముందే వస్తుంది. సిటీ ట్రాఫిక్‌లో పిల్లాడు అలిసిపోడు.

చుట్టాలతో ముందే చెప్పేయండి, పొద్దున గేటు దగ్గర విడిపోయి భోజనాల వేళ కలుస్తామని. పదిమంది వెనకాల పరిగెత్తితే మీవాడి రోజు కాదు అది. వాడు గొడవ మొదలెడితే ఎవరు బయటికి తీసుకెళ్లాలో మీరూ మీ ఆయనా ఇంట్లోనే వాటా వేసుకుని బయల్దేరండి. అక్కడ నిలబడి తేల్చుకునే తీరిక ఉండదు. అసలు గొడవ దాకా రానివ్వకుండా, బాగున్నప్పుడే లేచి వచ్చేయడం ఇంకా మంచిది.

టికెట్ల అతని మాట వదిలేయండి. మీ ఆయన చొక్కా మాత్రం ఇంకాసేపు ఆగి పట్టుకోవాల్సింది.

కాకినాడ థెరపిస్ట్

నేను చిన్నపిల్లలకి ఆక్యుపేషనల్ థెరపీ చేస్తాను. పైవారు చెప్పిందంతా అనుభవం మీద చెప్పిందే, నేను వైద్యం వైపు మాత్రం కలుపుతాను.

బాబుకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? వస్తే టపటపా కొట్టుకునే లైట్లున్న చోట్లకి వెళ్లేముందు న్యూరాలజిస్టుని అడగాలి, మందు వేళ తప్పకూడదు. ఇది చదివే తల్లిదండ్రుల్లో డౌన్ సిండ్రోమ్ పిల్లలున్నవాళ్లూ ఉంటారు. వాళ్లలో కొందరికి మెడ ఎముకల పైకీలు వదులుగా ఉంటుంది. మెడని కుదిపే రైడు ఏదైనా డాక్టరు చూసి సరేనన్నాకే.

మునివేళ్ల నడక పిల్లలకి పిక్కలు త్వరగా పట్టేస్తాయి. నాలుగున్నరేళ్ల వాణ్ణి బండిలో కూర్చోబెడితే జనం ఏమనుకుంటారోనని చాలామంది తల్లులు మొహమాటపడతారు. మొహమాటం వద్దు, మడత పెట్టే స్ట్రోలరు తీసుకెళ్లండి. పైన చున్నీ కప్పితే అదే వాడికి చిన్న గది. చెవులకి ఇయర్‌మఫ్స్ ఇప్పుడే కొని ఇంట్లో అలవాటు చేయండి. పిల్లాడు తీసేస్తే మళ్లీ బలవంతంగా పెట్టొద్దు, చేతికివ్వండి. చెవులు మూసుకోవడం తెలిసిన పిల్లాడు, తనే పెట్టుకుంటాడు.

బాత్రూముల్లో చేతులు ఆరబెట్టే మెషీను ఉంటుంది. పక్కనెవరో చెయ్యి పెట్టగానే బుస్సుమంటుంది. మీరు రాసినదాన్ని బట్టి మీవాడికి రైడ్ల కంటే అదే గండం. డైపరు వేరే చోట మార్చే వీలుంటుందేమో గేటు దగ్గరే అడగండి.

తిండి గురించి: బయటి తిండి సాధారణంగా రానివ్వరు, పసిపిల్లల తిండి వేరు. ముందురోజు ఫోన్ చేసి బాబు సంగతి చెప్పి అడగండి, డాక్టరు చీటీ ఫోన్లో పెట్టుకోండి.

సదరం సర్టిఫికెట్టు, అంటే వైకల్య ధ్రువపత్రం, తీసుకున్నారా? స్లాటు సచివాలయంలో బుక్ చేస్తారు. అయిదేళ్లలోపు పిల్లలకి జీడీడీ పేరుతో తాత్కాలికంగా ఇస్తారు, అయిదు నిండాక మళ్లీ పరీక్ష ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం, మేధో వైకల్యం రెండూ అందులోవే. ఆ తర్వాత యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు వస్తుంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్నవాళ్లకి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, వెంట ఉండే ఒకరికి కూడా. ఈ ట్రిప్పుకి కాకపోయినా ముందుముందు అక్కరకొస్తుంది. ఇప్పుడైతే అయిదేళ్లలోపు కాబట్టి బెర్తు అడక్కపోతే టికెట్టే అక్కర్లేదు. కానీ రాత్రి ప్రయాణమైతే బెర్తు తీసుకోండి.

యానాం బాబాయ్

ఎందుకమ్మా అంత ప్రయాస? పంటు అంటే ఇష్టం అంటున్నావు, దిండిలో బోటెక్కించు. కోరంగి మడ అడవిలో చెక్కదారి మీద నడిపించు, అక్కడా బోటుంది. రోజంతా వాడికి నచ్చినట్టు. హైదరాబాదు ఎక్కడికీ పారిపోదు, వాడు కాస్త ఎదిగాక వెళ్లొచ్చు.

భీమవరం నాన్న

బాబాయ్‌గారూ, దిండి, కోరంగి ఎలాగూ వెళ్తారు. "ఎదిగాక" అని మేం కూడా ఆగుతూనే ఉన్నాం, ఈలోపు పక్క పిల్లలంతా వెళ్లొచ్చేశారు. కాకపోతే కోరంగి చెక్కదారి ప్రాక్టీసుకి బాగుంటుంది. ఎంతదూరం నడవగలడో, స్ట్రోలరులో ఎంతసేపు కూర్చుంటాడో తెలిసిపోతుంది.

పాలకొల్లు టు టెక్సాస్

మాది పాలకొల్లు, ఉండేది శాన్ ఆంటోనియోలో. ఇక్కడ మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అని ఒక పార్కు ఉంది, 2010లో తెరిచారు. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన, తన కూతురితో మిగతా పిల్లలు ఆడుకోకపోవడం చూసి కట్టించాడు. వైకల్యం ఉన్నవాళ్లకి టికెట్టు లేదు. వీల్‌చెయిర్‌తో సహా ఎక్కే రంగులరాట్నం ఉంది. 2017లో పక్కనే నీళ్ల పార్కు కూడా పెట్టారు, తడిసినా పాడవని వీల్‌చెయిర్లు వాళ్లే ఇస్తారు.

డిస్నీలో అయితే ఇలాంటి పిల్లల్ని క్యూలో నిలబెట్టకుండా, క్యూ ఎంతసేపు ఉందో అంత టైము చెప్పి, అప్పుడు రమ్మంటారు. ఈలోపు ఎక్కడైనా కూర్చోవచ్చు. మధ్యలో దూరినట్టు కాదు, క్యూ బయట వేచి ఉన్నట్టు. కొందరు అబద్ధాలాడి వాడుకోవడంతో 2024లో నిబంధనలు బిగించారు. మనవాళ్లకి మీరు ఇదే చెప్పి చూడండి: "ముందు పంపమనడం లేదండీ, మా వంతు వచ్చేదాకా బయట కూర్చుంటాం, మా ఆయన క్యూలో ఉంటారు." ఇలా అడిగితే క్యూలో వాళ్లకీ కోపం రాదు.

మలికిపురం అమ్మ

అందరికీ థాంక్సండి. రాత్రి మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. చొక్కా మాట దగ్గర బాగా నవ్వారు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. సదరం స్లాటుకి రేపే సచివాలయానికి వెళ్తాం.

రామోజీ ఒక్కటే పెట్టుకున్నాం. వండర్‌లా రోజున బావగారి వాళ్లు వెళ్తారు, మేం ముగ్గురం రూములోనే. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు! "వాడు బస్సులో ఎలా కూర్చుంటాడో నేనూ చూస్తాను" అట. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్లి రాత్రి రైలు ఎక్కుదామా, కారులోనే వెళ్దామా అన్నది తేలలేదు. రైల్లో వాడికి నిద్ర పడుతుంది, కానీ స్టేషన్లో అనౌన్స్‌మెంట్లంటేనే భయం.

భీమవరం నాన్న

మీరు కారే ఎక్కండి. ఆగాలంటే ఆగొచ్చు, పెరుగన్నం క్యారేజీ ఎక్కడైనా విప్పుకోవచ్చు. తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రానికి హయత్‌నగర్ వైపు రూములో దిగి, మర్నాడు పొద్దున్నే ఫిల్మ్ సిటీకి. పాలకొల్లు స్టేషన్‌కి మాత్రం ఈలోపు ఒకసారి తీసుకెళ్లి, రైలెక్కకుండా ఊరికే అనౌన్స్‌మెంట్లు వినిపించి తీసుకురండి. వచ్చే ఏడాదికి పనికొస్తుంది.